సముద్రానికి అటువైపు పదకొండు ఇళ్ళు

అపెంగ్‌తురే, సంగిహే దీవి
1995 ఫిబ్రవరి 3

ప్రభువునందు ప్రియమైన చెల్లి నోంచేను నీ అన్న ఓబజా దీవించి రాసేది.

ఆయన కృపవల్ల ఇక్కడ మేమంతా క్షేమం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? పోయినసారి పంపిన జాజికాయ నూనె రాస్తున్నావా, లేక ఎప్పటిలాగే మూత తీసి వాసన చూసి అటక మీద పెట్టేశావా?

జనవరి ఆఖరున కృతజ్ఞతాపండుగ బాగా జరిగింది. పండుగకు వండే తమో అన్నం ముద్దను ఈసారి నడుమెత్తు పోశారు. కోసేటప్పుడు అది ఒకవైపు ఒరిగితే, పిల్లలందరూ కింద నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. తరవాత సంఘపు పుస్తకం తెరిచి పేర్లు పిలిచాను. మన పద్ధతి నీకు తెలుసు కదా. చనిపోయినవాళ్ళ పేరు కొట్టేస్తాం గానీ సముద్రం దాటినవాళ్ళ పేరు కొట్టెయ్యం. దాటినవాళ్ళ పేరు పిలిచినప్పుడు ఇక్కడున్న వాళ్ళ రక్తసంబంధి లేచి "ఉన్నాను" అనాలి. అటువైపున్న మీ పదకొండు ఇళ్ళకూ గొంతులు పలికాయి. నీ పేరు పిలిచిందీ నేనే, పలికిందీ నేనే. ముసలి సలోమి ఊరుకుంటుందా? "ప్రశ్నా ఆయనదే, జవాబూ ఆయనదే. ఆదివారం ప్రసంగంలాగానే" అంది. గుడి గుడంతా నవ్వు.

ఇప్పుడు అసలు సంగతి. నిలబడి చదువుతుంటే కూర్చో.

కిందటి వారం జిల్లా నుంచి ముగ్గురు ఆఫీసర్లు లాంచీలో వచ్చారు. మన దేశం, మీ ఫిలిప్పీన్స్, మలేషియా, బ్రూనై, ఈ నాలుగు దేశాల పెద్దలు కూర్చుని ఒప్పందం రాసుకున్నారట. రాజధానులకు దూరంగా నీళ్ళ అంచుల్లో పడివున్న మనలాంటి దీవులన్నీ ఇకమీదట ఒకే అంగడిగా బతకాలట. మన బితుంగ్ రేవు నుంచి మీ జనరల్ శాంతోస్ రేవుకు ఓడ వేస్తారట. మన కొబ్బరీ మన జాజికాయా దొంగసరుకులా టార్పాలిన్ కింద నక్కి పోనక్కరలేదట. అమ్మను పూడ్చడానికి నువ్వు వచ్చావే, బస్తాల మధ్య మూటలా పడుకుని, అట్లా ఇంక ఎవరూ రానక్కరలేదు నోంచే!

గుడిలోనే సభ పెట్టాం. సలోమి లేచి, "అయ్యా, నాలుగు దేశాలూ ఒకటైతే, కిందటేడు గస్తీ పడవవాళ్ళు నా మనవడి దగ్గర లాక్కున్న కోళ్ళు ఇప్పుడు ఏ దేశంలో ఉన్నట్టు?" అని అడిగింది. ఆఫీసరు కూడా నవ్వాడు.

తరవాత నన్ను మాట్లాడమన్నారు. నేను ఏ బడిలో చదివినవాణ్ణి? కొబ్బరి ఎండబెట్టే పొగలో కూర్చుని గ్రంథం చదువుకున్నవాణ్ణి. కానీ నోరు తెరిస్తే ఆయనే నింపుతాడు. ఎఫెసు సంఘానికి అపొస్తలుడు రాసిన ఉత్తరం తీశాను. రెండు జనాంగాల మధ్య నిలిచిన గోడను ఆయన పడగొట్టాడని ఉంది కదా! మన గోడ రాతిది కాదు, నీళ్ళ గోడ అన్నాను. ఎర్ర సముద్రాన్ని చీల్చినవాడికి ఈ సముద్రం ఎంత అన్నాను. సగం మంది ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

అప్పుడు పెద్ద ఆఫీసరు, "అటువైపు మీవాళ్ళు ఎంతమంది?" అన్నాడు.

"పదకొండు ఇళ్ళు."

"వాళ్ళ పేర్లు మీ దగ్గర ఉన్నాయా?"

"ఉన్నాయా అంటావేం బాబూ? కాపరి గొర్రెల్ని లెక్కపెట్టుకోడా? ఒక్కటీ తప్పిపోలేదు."

రెండు ఒడ్డుల మీదా బంధువులున్నవాళ్ళకు ముందు పాసులిస్తారట, అందుకు పేర్లు కావాలట. మూడు రోజులు కూర్చుని నా చేత్తో నకలు రాశాను. తండ్రి పేరు, పుట్టిన ఊరు, పుట్టిన ఏడు, దాటిన ఏడు, అన్నీ. పైన ఒక దీవెన మాట రాశాను. మొదటి పేరు నీదే పెట్టాను.

ఈ ఉత్తరం పడవ కొర్నేలి చేతిలో పెడుతున్నాను. వాడు కల్లు తాగుతాడు, ఆరాధనకు రాడు. కానీ ఇరవై ఏళ్ళలో మన ఉత్తరం ఒక్కటీ తడవనివ్వలేదు.

నీ అన్న,
ఓబజా


లగుంబే, బలుత్ దీవి
1995 ఏప్రిల్ 20

అన్నయ్యకు నోంచే వందనాలు.

నీ ఉత్తరం అందింది. నూనె రాస్తున్నాను, ఒట్టు. మోకాలు తగ్గలేదు గానీ ఇల్లంతా వంటగదిలా ఘుమఘుమలాడుతోంది. నీ ప్రసంగం కొర్నేలి మాకు మళ్ళీ చేసి చూపించాడు, చేతులూపుతూ, ఎర్ర సముద్రం చీలిన చోట మా నీళ్ళకుండను తన్నేసి మరీ. "నువ్వు గుడికే వెళ్ళవు, నీకెట్లా తెలుసురా?" అంటే, "మీ అన్న గొంతుకు గుడిలోకి వెళ్ళాలా అక్కా? పడవలో పడుకుంటే చాలు" అన్నాడు.

ఇక్కడా హడావుడిగానే ఉంది. ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పట్టుకుని కొలిచేవాళ్ళు వచ్చారు. మా తీరంలో పెద్ద రేవు కడతారట, పట్టిన చేపను గడ్డకట్టించి దాచే గిడ్డంగి కడతారట. నాలుగు దేశాల కంపెనీలు కలిసి చేసే పని అని చెప్పారు. పిల్లలకు బిస్కెట్లు పంచారు. ఒకతను నా కొబ్బరితోటలో నిలబడి, "ఈ చెట్లు ఎవరివి?" అన్నాడు. "నావి. నా మొగుడు మెల్కి బీడు కొట్టి నాటాడు. రెండువందల పన్నెండు" అన్నాను. "ఆ తెల్లరాయి?" అన్నాడు. "అది మెల్కి" అన్నాను. అతను కర్రను రెండడుగులు పక్కకు జరిపి పాతాడు. మంచివాడే అనుకున్నాను.

అన్నయ్యా, ఒక మాట. ఆ నకలులో మా అందరివీ రాయాల్సిందేనా? దాటిన ఏడు కూడా రాశావా? ఊరికే అడుగుతున్నాను. నీకు చెప్పని సంగతి ఒకటుంది. కాగితం మీద పెట్టేది కాదు. నువ్వు వచ్చినప్పుడు చెబుతాను, అన్నం పెట్టాక. ఆకలి మీదుంటే నీకు కోపమెక్కువ.

ఎండబెట్టిన చేపలు పంపుతున్నాను. సగం సలోమికివ్వు. మొత్తం నువ్వే తిని ఉపవాసం అని చెప్పకు.

నోంచే


అపెంగ్‌తురే
1995 జూన్ 1

ప్రియమైన చెల్లికి,

అల్పవిశ్వాసీ! గలిలయ సరస్సులో పడవ ఊగినప్పుడు శిష్యులకు వచ్చిన భయమే నీకూ వచ్చింది. రాయాల్సిందేనా అంటావేమిటి? పేరు దాచుకునేది నేరం చేసినవాళ్ళు. నువ్వేం చేశావు?

విను. కిందటి నెల జనరల్ శాంతోస్‌లో రెండు ప్రభుత్వాల ఆఫీసర్లూ కలిసి కూర్చున్నారు. మనవాళ్ళు మన జాబితాను మీవాళ్ళ చేతికి ఇచ్చారు, సోదరభావానికి గుర్తుగా! చేతులు కలుపుతున్న ఫొటో పేపర్లో పడింది. బల్ల మీద కాగితాల కట్ట కనిపిస్తోంది. అది నాదే అని ఒట్టేసి చెప్పగలను. దాన్ని కత్తిరించి గుడి గోడకు అంటించాను. మన నాయన కొబ్బరిపీచు పేనుతూ చచ్చిపోయాడు. ఆయన కూతురి పేరు ఈరోజు దేశాల బల్ల మీద ఉంది!

పాసులు క్రిస్మసుకు వస్తాయన్నారు. నువ్వు పగటిపూట, నలుగురూ చూస్తుండగా, మంచి బట్టలు కట్టుకున్న మనిషిలా దర్జాగా రేవులో దిగుతావు. నేను పాటబృందాన్ని తీసుకొస్తాను. వద్దన్నా తీసుకొస్తాను.

ఆ చెప్పని సంగతేమిటి? మళ్ళీ పెళ్ళి గాని చేసుకున్నావా? చేసుకుంటే ఆ మనిషికి ముందుగా నా సానుభూతి.

ఓబజా


లగుంబే
1995 ఆగస్టు 27

అన్నయ్యకు,

పొడుగ్గా రాయలేను.

మా పదకొండు ఇళ్ళవాళ్ళనీ ఆఫీసుకు పిలిచారు. మేం ఈ దేశపువాళ్ళం కాదట. పరాయి దేశంవాళ్ళకు ఇక్కడ భూమి ఉండకూడదట. రేవుకు కావలసిన తీరమంతా మా పదకొండు ఇళ్ళదే. నవంబరు ఆఖరుకు ఖాళీ చేయమన్నారు. చెట్లకు ఏమీ ఇవ్వరు. భూమి మాది కానప్పుడు చెట్టు మాదెలా అవుతుందని అడిగారు.  నువ్వుంటే జవాబు చెప్పేవాడివి.

మా పేర్లూ తండ్రుల పేర్లూ దాటిన ఏళ్ళూ వాళ్ళ దగ్గర కాగితం మీద ఉన్నాయి. ఎవరిచ్చారో చెప్పలేదు. నేను అడగలేదు.

పక్కింటి బావోలే కుటుంబం అప్పుడే వెళ్ళిపోయింది. ఆయన తలుపులు ఊడదీసి పడవలో వేసుకున్నాడు. "ఇల్లు లేకుండా తలుపులెందుకు మామా?" అంటే, "ఎక్కడో ఒకచోట కొట్టడానికి ఉండాలి కదమ్మా" అన్నాడు.

నువ్వు కంగారు పడకు. ప్రార్థన చెయ్యి.

నోంచే


అపెంగ్‌తురే
1995 సెప్టెంబరు 19

చెల్లీ,

నీ ఉత్తరం చదివి నా బట్టలు చించుకున్నాను. నిజంగానే చించుకున్నాను, నీ వదిన కుట్టుకుంటూ తిడుతోంది.

ఎవడు వాడు? ముప్ఫై వెండినాణేలకు గురువును అమ్మినవాడు ఒక్కడే అనుకున్నాం, వాడి సంతానం ఈ నీళ్ళ మీద తిరుగుతోంది! నేనిచ్చిన జాబితా పాసుల కోసం, దీవెన మాటతో ఇచ్చినది. అది రెండు ప్రభుత్వాల పెట్టెల్లో భద్రంగా ఉంది. ఇది వేరే జాబితా. చాటున కూర్చుని ఎవడో రాయించిన పాడు జాబితా. మీ తండ్రుల పేర్లు తెలిసినవాడు, మీ ఇళ్ళలో తిన్నవాడు, రెండు రేవుల్లోనూ తిరిగేవాడు. అట్లాంటివాడు ఎవడున్నాడు? ఆలోచించు.

నేను ఆలోచించాను. ఆదివారం ప్రసంగంలో, "మన మధ్య ఒకడున్నాడు" అన్నాను. వాడి వలలు ఖాళీగా రావాలని, వాడి పడవ అడుగు పురుగు తినాలని, అనాథల భూమిని అమ్మినవాడి మీద ప్రవక్తలు పలికిన ప్రతి శాపమూ వాడి మీద పడాలని పలికాను. పేరు చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది. అందరూ వెనక్కి తిరిగి కొర్నేలి పెళ్ళాం వైపు చూశారు.

వాడి పడవలో ఇప్పుడు ఎవరూ సరుకు ఎక్కించడం లేదు. వాడి చిన్నబిడ్డకు బాప్తిస్మం ఆపేశాను. వాడు మా ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "పెద్దయ్యా, నేను తాగుబోతును. తాగి పాడతాను, తాగి పడతాను. తాగి పేర్లు అమ్మను" అన్నాడు. "నీ నోటి వాసన చాలు సాక్ష్యానికి" అన్నాను. వెళ్ళిపోయాడు.

నవంబరు మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనం ఉంది. ఆరోజు పేరు పెట్టి పిలుస్తాను. వాణ్ణి సంఘం నుంచి వెలివేస్తాను. అందుకే ఈ ఉత్తరం వేరే పడవలో పంపుతున్నాను.

నీ కోసం పోరాడుతున్న
అన్న


లగుంబే
1995 అక్టోబరు 10

అన్నయ్యా,

కొర్నేలి పేరు పలకకు. ఈ ఉత్తరం నీకు అందేసరికి పలికివుండకూడదని దేవుణ్ణి అడుగుతున్నాను.

నీకు అబద్ధం రాశాను. ఎవరిచ్చారో తెలియదన్నట్టు రాశాను. ఆఫీసులో ఆ కాగితం నా ముందు పెట్టారు. రెమి అని గుమాస్తా పిల్ల, మన సలోమి మనవరాలి ఈడుది. "పిన్నీ, ఈ మొదటి పేరు మీదేనా?" అంది.

"నాకు చదువు రాదమ్మా" అన్నాను.

"చదువు రాకపోతే కళ్ళెందుకు తుడుచుకుంటున్నారు?" అంది.

పైన దీవెన మాట ఉంది అన్నయ్యా. కిందికి తోకలున్న అక్షరాలన్నిటికీ గాలంలా వంకర తిప్పే చెయ్యి రెండు దీవుల్లోనూ ఒక్కటే. నాకు అక్షరాలు నేర్పిన చెయ్యి. అమ్మ ఇసకలో రాయించమంటే నా వేలు పట్టుకుని ఆ వంకర నువ్వే తిప్పించావు. వేరే జాబితా లేదు. ఉన్నది ఒక్కటే.

నీకు చెబుదామనుకోలేదు. నవంబరుకు మేం వెళ్ళిపోతే, ఎవరిచ్చారో ఎవరికీ తెలియకుండానే పోతుందనుకున్నాను. కానీ కొర్నేలికి నలుగురు పిల్లలు. రాజు దగ్గరికి ప్రవక్త వచ్చి పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పడం గురించి నువ్వు ప్రసంగించేవాడివి. చివర్న వేలెత్తి "ఆ మనిషివి నువ్వే" అంటే ముందు వరసలో పిల్లలు జడుసుకునేవాళ్ళు. నాకు నీవైపు వేలెత్తాలని లేదు. మోకాళ్ళ మీద ఉండి రాస్తున్నాననుకో.

నా తప్పు కూడా విను. అన్నం పెట్టాక చెబుతానన్నది ఇదే. మేం వచ్చిన మరుసటేడు, ఇక్కడి ఊరిపెద్ద మా అందరినీ నిలబెట్టి, "ఇక్కడే పుట్టాం అని చెప్పండి, అట్లాగే రాసుకుంటాను. అప్పుడు భూమి చేసుకోవచ్చు" అన్నాడు. మంచికే అన్నాడు. పదకొండు ఇళ్ళవాళ్ళం తలూపాం. అప్పటినుంచి ఇక్కడి పుస్తకంలో నేను లగుంబేలో పుట్టిన నోనా దలుగును. పేరు కూడా మార్చి రాశాడు. ఆ పేరు మీదే భూమి, ఆ పేరు మీదే ఓటు. నీకు చెబితే నాలుగు పేజీల నరకం పంపుతావని ముప్ఫై ఏళ్ళు దాచాను. చెప్పివుంటే నువ్వు ఆ నకలు రాసేవాడివి కాదు. కాబట్టి ఒక్కడివే మోయకు.

రెమి ఒక మాట చెప్పింది. గడువును క్రిస్మసు దాకా పొడిగించారట. "ఈ కాగితంలో ఉన్న నోంచే వేరే మనిషి అని, ఆవిడ ఎప్పుడో చనిపోయిందని, ఆ సంఘమే రాసి ఇస్తే మీ కాగితం మూసేస్తాం పిన్నీ. రేవు వెడల్పు తగ్గించుకుంటారు. మీరు లగుంబేలో పుట్టిన నోనాగా ఉండొచ్చు" అంది. ఏడు ఇళ్ళవాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. నలుగురం మిగిలాం.

నిన్ను అడగడం లేదు. విన్నది రాశాను, అంతే.

నోంచే


అపెంగ్‌తురే
1995 నవంబరు 14

నోంచే,

నీ ఉత్తరం శనివారం అందింది. ఆదివారం ప్రభురాత్రి భోజనం.

బల్ల దగ్గరికి వెళ్ళి రొట్టె ముట్టుకోకుండా నిలబడ్డాను. చెప్పాను. ఎంతసేపు చెప్పానో తెలియదు. ఎక్కువసేపు కాదనుకుంటాను, ఎందుకంటే నీ వదిన తరవాత, "నువ్వు అంత చిన్నగా మాట్లాడటం ఇదే మొదటిసారి" అంది. ఎవరూ ఏడవలేదు. సలోమి కూడా ఏమీ అనలేదు. ఆవిడ తమ్ముడి ఇల్లు వెళ్ళిపోయిన ఏడింటిలో ఉంది.

గోడ మీది ఫొటో చింపేశాను. కింద గోడ ఆ మేర తెల్లగా ఉండిపోయింది.

కొర్నేలి రేవులో పడవ బోర్లించి తారు పూస్తున్నాడు. వెళ్ళి నిలబడ్డాను. వాడు తలెత్తలేదు.

"శాపం పెట్టడానికి గంట పట్టింది, తీసెయ్యడానికి ఎంతసేపు పడుతుంది పెద్దయ్యా?" అన్నాడు.

"నాకు తెలియదు కొర్నేలీ."

"అయితే ఆ బ్రష్ అందుకో. నిజంగానే పురుగు పట్టింది."

సాయంత్రందాకా పూశాను.  వెళ్ళేటప్పుడు వాడు, చేతులు కిరసనాయిలుతో కడుక్కోమని సీసా చూపించాడు.

జిల్లాకు వెళ్ళాను. జాబితా వెనక్కి ఇమ్మన్నాను. ఆ పెద్ద ఆఫీసరు మర్యాదగానే కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. "వెనక్కి ఎట్లా ఇస్తాం పెద్దాయనా? నకళ్ళు నాలుగు దేశాల్లోనూ ఉన్నాయి. మీ జాబితాను మిగతా జిల్లాలకు నమూనాగా చూపించాం, అంత బాగుంది" అన్నాడు. పాసుల సంగతి అడిగాను. అది వేరే శాఖ అన్నాడు. ఓడ సంగతి అడిగాను. పెద్ద సరుకుకే అన్నాడు. చిన్న పడవలన్నీ ఇకమీదట రెండువైపులా గస్తీ దగ్గర ఆగి, ప్రతి కాగితమూ విప్పి చూపించాలట.

ఇంటికి వచ్చి సంఘపు పుస్తకం తెరిచాను. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇందులో అబద్ధం ఒక్క అక్షరం రాయలేదు. పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు. అబద్ధికులు ఎక్కడికి పోతారో ఊరందరికీ అరిచి చెప్పినవాణ్ణి.

రాస్తాను. నీకూ, మిగిలిన ముగ్గురికీ. నలుగురు చనిపోయారని రాసి, పుస్తకంలో కొట్టేసి, సంతకం పెడతాను.

కానీ ముందు నువ్వు ఆలోచించుకో. నువ్వు చనిపోయావని నేను రాసిచ్చాక, నా దగ్గర్నుంచి నీకు ఉత్తరం వెళ్ళకూడదు. నీ దగ్గర్నుంచి రాకూడదు. ఒక్కటి దొరికితే నాలుగు ఇళ్ళూ పోతాయి. నేను రాకూడదు. నువ్వు రాకూడదు. మనలో ఎవరు ముందు పోయినా రెండోవాళ్ళకు తెలియదు. అదీ, అక్కడి తోటా తూచి చూసుకో. ఇక్కడికి వచ్చెయ్యి అనే హక్కు నాకు లేదు, కానీ వస్తానంటే గది ఊడ్చి ఉంచుతాను. నువ్వు సరే అంటే రాస్తాను. వద్దంటే రాయను.

అన్న


లగుంబే
1995 డిసెంబరు 2

అన్నయ్యా,

రాసెయ్యి.

నాలుగు రోజులు ఆలోచించాను. వచ్చేద్దామనే మొదట అనుకున్నాను. మూట కూడా కట్టాను. మూట చాలా చిన్నగా అయింది. ముప్ఫై ఏళ్ళకు అంతేనా అనిపించి తోటలోకి వెళ్ళి కూర్చున్నాను. మిగతాదంతా అక్కడుంది. మెల్కి ఉన్నాడు. పుట్టి పదిరోజులకే పోయిన నా బిడ్డ ఉంది. దాని సంగతి నీకు ఒకసారే రాశాను, తరవాత నువ్వూ అడగలేదు, నేనూ రాయలేదు. దాని మీద రేవు కడతారు అన్నయ్యా. లారీలు తిరుగుతాయి. నేను ఇక్కడుంటే కట్టరు.

నువ్వు ఉత్తరాల్లేకపోయినా ఉంటావు. అవి ఉండవు. అందుకని నిన్ను వదులుకుంటున్నాను. ఇంతకంటే మంచిగా రాయడం నాకు రాదు.

జ్వరంతో పోయానని రాయి. సముద్రంలో పోయానని రాయకు, సమాధి లేకపోతే అనుమానిస్తారు. మన ఊరి కొండ నిప్పులు కక్కిన ఏడే పోయినట్టు రాస్తే సరిపోతుంది, అప్పుడు చాలామంది పోయారు. అంటే ఇరవై ఏళ్ళకే పోయినట్టు. అప్పుడు నాకు మోకాలి నొప్పే లేదు, జాజికాయ నూనె ఖర్చు నీకు మిగిలింది. నీ ప్రసంగాలు వినే పని నాకు తప్పింది. చూశావా, అందరికీ లాభమే.

నీ ఉత్తరాలు పొయ్యిలో వేశాను. ముప్ఫై ఏళ్ళవి, ఒక పూట వంటకు సరిపోయాయి. చివరిది మాత్రం చాలాసేపు చేతిలో పట్టుకున్నాను. అందులో గ్రంథం మాట ఒక్కటీ లేదు. నాతో నువ్వు మాట్లాడినట్టుంది. అది కూడా వేసేశాను.

కొర్నేలి దగ్గరుండి ఇది రాయిస్తున్నాడు. గస్తీ వాళ్ళు విప్పుతారని చొక్కా లోపల కుట్టుకుని తెస్తానన్నాడు. వాడి బిడ్డకు బాప్తిస్మం ఇవ్వు.

వదినకు చెప్పు. ఏం చెప్పాలో నీకే తెలియాలి.

వేళకు తిను. కోపం వస్తే ముందు తిను.

నీ చెల్లి
నోంచే


అపెంగ్‌తురే సంఘం
1995 డిసెంబరు 11

భూమి వ్యవహారాల ఆఫీసు అధికారిగారికి,

అపెంగ్‌తురే సంఘపెద్ద ఓబజా తకసిహాంగ్ రాసిచ్చే ధ్రువపత్రం. ఈ విధమైన పత్రాలు నాలుగింటిలో ఇది నాలుగవది.

మా సంఘం ఫిబ్రవరిలో ఇచ్చిన జాబితాలో మొదటి పేరుగా ఉన్న నోంచే తకసిహాంగ్ 1966 ఆగస్టులో, మా కొండ నిప్పులు కక్కిన రోజుల్లో, మూడు రోజుల జ్వరంతో ఈ ఊళ్ళోనే చనిపోయినది. వయసు ఇరవై. పెళ్ళి కాలేదు. ఉదయంపూట పోయినది. ఆ ఉదయం వాన లేదు, గాలి తీరం నుంచి సముద్రం వైపు వీస్తున్నది. తండ్రి సమాధి పక్కన పూడ్చినాము.

ఆమె సముద్రం దాటినట్టు జాబితాలో ఉన్నది తప్పు. ఆమె పేరు మా పుస్తకంలో ఇన్నేళ్ళు కొట్టివేయకుండా ఉంచినది నేను. అలా ఉంచడానికి నాకు అధికారం లేదు. ఆ పొరపాటు నాది, సంఘంలో మరెవరిదీ కాదు. ఇప్పుడు కొట్టివేసినాను.

లగుంబేలో ఉన్నారని చెబుతున్న నోనా దలుగు అనే స్త్రీ ఎవరో మాకు తెలియదు. ఆమె భూమి మీద, చెట్ల మీద, ఆమె పూడ్చుకున్నవాళ్ళ మీద ఈ ఊరికి ఏ హక్కూ లేదు. ఆమెను ఆమె స్థలంలో ఉండనివ్వవలసినదిగా కోరుతున్నాము.

చనిపోయిన నోంచే ఎలాంటి మనిషి అని మీ ఫారంలో ఒక గడి ఉన్నది. ఖాళీగా వదలకూడదని కింద రాసివున్నది. నవ్వించే మనిషి అని రాస్తున్నాను.

ఆమెకూ నాకూ ఇంటిపేరు ఒకటే. ఈ దీవిలో ఆ ఇంటిపేరు చాలామందికి ఉన్నది. అంతకు మించి బంధుత్వం ఏమీ లేదు.

సంతకం: ఓబజా తకసిహాంగ్
పూడ్చినప్పుడు పక్కనున్న సాక్షి: కొర్నేలిస్ మముకో, పడవ నడిపేవాడు